గుర్తుతెలియని వాహనం

మా మంచిర్యాల జిల్లా పేజీల్లో తరచూ ఎదురయ్యే శీర్షిక ఒకటుంది: 'గుర్తుతెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి'. రెండంగుళాల వార్త. ఇందారం దగ్గరో, మందమర్రి దారిలోనో, లక్సెట్టిపేట అవతలో జరిగి ఉంటుంది. చనిపోయింది నైట్ షిఫ్టుకు బొగ్గుబాయి మీదికి పోతున్న కార్మికుడు కావచ్చు, తెల్లారకముందే పాలకు బయల్దేరిన ముసలాయన కావచ్చు. ఎస్సై కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారన్న వాక్యంతో వార్త అయిపోతుంది. ఆ దర్యాప్తు ఏమైందో చెప్పే రెండో వార్త చాలా అరుదు.

'గుర్తుతెలియని' అన్న మాటే నన్ను చాన్నాళ్లుగా తొలుస్తోంది. నడిపినవాడికి తానెవరో తెలుసు. పక్కన కూర్చున్న క్లీనరుకు తెలుసు. తెల్లారి వంకరపోయిన బంపరును సరిచేసిన షెడ్డువాడికి ఎంతో కొంత తెలుసు. తెలియనిదల్లా పోయినవాడి ఇంటికీ, చట్టానికీ. ఢీకొట్టి ఆగకుండా పోయినవాడిని చట్టం ఏం చేస్తుంది, అతను ఏమని తనను కాపాడుకోగలడు, రోడ్డు మీద మిగిలిపోయిన కుటుంబానికి ఏం దక్కుతుంది అన్న మూడు ప్రశ్నలనూ కలిపి చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనబడింది. డ్రైవరుకు చట్టంలో ఉన్న రక్షణలన్నీ ఆగినవాడికి పనికొస్తాయి. పారిపోయినవాడు వాటిని ఒక్కొక్కటిగా తన చేతులతోనే వదులుకుంటాడు. ఈ సంగతి మన స్టీరింగుల దాకా చేరలేదు.

ముందు మన రోడ్లను తలచుకోవాలి. మాది బొగ్గు నేల. హైదరాబాద్ నుంచి కరీంనగర్, పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా వచ్చే రాజీవ్ రహదారి గోదావరి దాటి మంచిర్యాల చేరుతుంది. 63వ జాతీయ రహదారి లక్సెట్టిపేట, మంచిర్యాల, చెన్నూరు మీదుగా ప్రాణహిత దాటి మహారాష్ట్రలోకి పోతుంది. 363వది మందమర్రి, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ మీదుగా మరో దిక్కున అదే మహారాష్ట్రను అందుకుంటుంది. శ్రీరాంపూర్, మందమర్రి గనుల టిప్పర్లు, జైపూర్ విద్యుత్ కేంద్రానికి వచ్చిపోయే లారీలు, దేవాపూర్ సిమెంటు లోడ్లు, పత్తి సీజన్‌లో వెనక లైటు లేని ట్రాక్టర్లు, వాటి మధ్య షిఫ్టు టైముకు ఉరికే మోటార్ సైకిళ్లు. రాత్రి పదకొండు దాటాక ఇక్కడ గుద్దినవాడికి రెండు గంటల్లో రాష్ట్ర సరిహద్దు వస్తుంది. పారిపోవాలన్న ఆశ పుట్టడానికి ఇంతకంటే అనువైన నేల లేదు.

గుద్దిన క్షణం నుంచి డ్రైవరు ఏం చేయాలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. దెబ్బ తగిలినవారికి వైద్యం అందేలా చేతనైనంతా చేయాలి. పోలీసు అడిగితే వివరాలు చెప్పాలి. అక్కడ పోలీసు లేకపోతే దగ్గర్లోని ఠాణాకు వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపు పోయి జరిగింది చెప్పాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఇక్కడే చాలామంది డ్రైవర్లకు తెలియని నాలుగు మాటలున్నాయి. జనం కోపంతో మీద పడే పరిస్థితి ఉన్నా, మరే కారణం చేతనైనా అక్కడ ఉండటం తన చేతిలో లేకపోయినా, వైద్యం అందించలేకపోవడాన్ని చట్టం మన్నిస్తుంది.

'దిగితే సంపుతరు సారూ' అనే మాట లారీ అడ్డాలో ఎవరినడిగినా వినబడుతుంది. అది సాకు మాత్రమే అని నేననను. డ్రైవరును చెట్టుకు కట్టి కొట్టడం, బండికి నిప్పు పెట్టడం మన ఊళ్లలో జరగని పనులు కావు. చట్టం రాసినవాళ్లకు కూడా ఆ భయం తెలుసు, అందుకే ఆ మినహాయింపు పెట్టారు. అక్కడి నుంచి బండి తీసుకుని నేరుగా ఠాణాకు పోయినవాడు చట్టం దృష్టిలో పారిపోయినవాడు కాడు. శ్రీరాంపూర్ ఠాణాకో, జైపూర్ ఠాణాకో చేరి, 'నా బండి ఫలానా చోట ఒకరికి తగిలింది, జనం మీదికొస్తే వచ్చేసిన, ముందు అంబులెన్సు పంపుండ్రి' అని చెప్పినవాడి కేసు వేరు, మహారాష్ట్ర దాటి ఫోను స్విచాఫ్ చేసినవాడి కేసు వేరు. పోయే దారిలోనే 108కి, 100కి చేసిన ఫోన్లు కాల్ రికార్డుల్లో సమయంతో సహా నిలిచిపోతాయి. రేపు కోర్టులో అంతకంటే గట్టి సాక్షి దొరకడు.

ఈ బాధ్యతలను పాటించకపోతే శిక్ష మాత్రం చిన్నది. 187వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, 6 నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే ఏడాది, 10,000. బండి యజమానికీ ఇందులో పాత్ర ఉంది. ఆ రోజు బండి నడిపింది ఎవరో పోలీసులు అడిగితే చెప్పి తీరాలని 133వ సెక్షన్ అంటుంది. దాచిన ఓనరుకూ ఇదే 187 వర్తిస్తుంది.

ఆ శిక్ష మరీ చిన్నదన్న ఆలోచనతోనే భారతీయ న్యాయ సంహిత 106(2) పుట్టింది. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమై, వెంటనే పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోయినవాడికి 10 ఏళ్ల వరకు జైలు, జరిమానా. 2023 డిసెంబరులో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. 2024 కొత్త సంవత్సరం రోజున దేశమంతా లారీలు ఆగాయి. ట్యాంకర్లు ఆగడంతో హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన వరుసలు అందరికీ గుర్తే. జనవరి 2న కేంద్ర హోం కార్యదర్శి అజయ్ భల్లా అఖిల భారత మోటారు రవాణా కాంగ్రెస్ ప్రతినిధులతో మాట్లాడి, వాళ్లను సంప్రదించాకే ఆ నిబంధనను అమలు చేస్తామని హామీ ఇచ్చారు. ఫిబ్రవరిలో వచ్చిన నోటిఫికేషన్ ఆ మాటను కాగితం మీద పెట్టింది. 2024 జూలై 1న సంహిత అంతా అమల్లోకి వచ్చినా 106(2) ఒక్కటి పక్కన నిలిచిపోయింది.

అడ్డాల్లో మాత్రం ఆనాటి పుకారే ఇంకా తిరుగుతోంది. పదేళ్లు జైలు, లక్షల్లో జరిమానా, బెయిలు రాదు అని. జరిమానా ఎంతో ఆ సెక్షన్‌లో అంకే లేదు, సెక్షనే అమల్లో లేదు. ఈ తప్పుడు భయం చేసే కీడు ఊహించండి. 'ఆగినా పదేళ్లే, పోయినా పదేళ్లే' అనుకున్నవాడు యాక్సిలరేటరే తొక్కుతాడు. నిజానికి ఆ నిబంధన రాసిన తీరే ఆగి చెప్పినవాడిని వేరు చేయడానికి. పారిపోవడాన్ని వేరే నేరంగా చూడటం సబబేనని నా అభిప్రాయం. జర్మనీ శిక్షాస్మృతి 142వ సెక్షన్ తప్పు ఎవరిదన్న దానితో పని లేకుండా, చోటు వదిలి పోవడాన్నే నేరంగా చూసి 3 ఏళ్ల దాకా శిక్ష వేస్తుంది. మన పిల్లలు వేలల్లో ఉంటున్న కాలిఫోర్నియాలోనూ అంతే. అక్కడ కారు నడిపే ప్రతి తెలుగు విద్యార్థికీ, తప్పు తనది కాకపోయినా ఆగి తీరాలని తెలిసి ఉండాలి. బ్రిటన్ చట్టం మనలాగే 24 గంటల గడువు ఇస్తుంది. అయితే పదేళ్ల శిక్ష తెచ్చే ముందు మన ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంది. 112కి చేసిన ఫోనే పోలీసుకు చెప్పినట్టు లెక్క అని చట్టంలో రాయాలి, ఠాణాకు వచ్చిన డ్రైవరును కొట్టనివ్వబోమన్న భరోసా ఇవ్వాలి. ఆ రెండూ లేని పదేళ్లు రోడ్డు మీద పడి ఉన్నవాడికి ఒక్క నిమిషం కూడా మిగల్చవు.

మరి ఇప్పుడు పట్టుబడినవాడి మీద పడే కేసు ఏది? మామూలుగా సంహిత 106(1), నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం. సంహితకు ముందున్న పాత భారత శిక్షాస్మృతిలో 1870లో చేర్చిన 304ఏ దాని పూర్వరూపం. నూట యాభై ఏళ్లకు పైగా దాని గరిష్ఠ శిక్ష 2 ఏళ్లే. ఇప్పుడు 5 ఏళ్లు. బెయిలు ఇప్పటికీ హక్కే. బాధితుడు గాయాలతో బయటపడితే 125, రోడ్డు మీద ప్రమాదకరంగా నడిపినందుకు 281. దానికి తోడు మోటారు వాహనాల చట్టం 134, 187, తాగి ఉంటే 185. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిన ఆల్కహాల్‌కు మొదటిసారి 6 నెలల దాకా జైలు లేదా 10,000 జరిమానా, లేదా రెండూ.

కేసు బరువు ఒక్కసారిగా మారేది సంహిత 105వ సెక్షన్ పడ్డప్పుడు. చంపాలన్న ఉద్దేశం లేకపోయినా, తను చేసే పనితో మనిషి చావొచ్చని తెలిసీ చేశాడన్నది ఆ ఆరోపణ. 10 ఏళ్ల దాకా శిక్ష, సెషన్స్ విచారణ, బెయిలు కోర్టు దయ. 2006 నవంబరులో ముంబై కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న ఏడుగురి ప్రాణం తీసిన అలిస్టర్ పరేరా కేసులోనూ, 1999 జనవరిలో ఢిల్లీ లోధీ కాలనీలో ఆరుగురిని బలిగొన్న సంజీవ్ నందా బీఎండబ్ల్యూ కేసులోనూ సుప్రీంకోర్టు 2012లో ఈ 'తెలిసీ' అన్న గీతనే గీసింది. సంజీవ్ నందా విషయంలో కోర్టు గమనించిన ముఖ్యమైన సంగతి, గుద్దాక అతను ఆగకపోవడం. అప్పటికే గడిపిన జైలుతో సరిపెట్టినా, 50 లక్షల రూపాయలు కట్టమంది, రెండేళ్లు సమాజసేవ చేయమంది. తాగి నడిపి, పారిపోయి, చావుకు కారణమైనవాడు ఇక 106(1) కిందే ఉంటానని ధీమాగా ఉండలేడు.

శిక్ష రెండు నుంచి అయిదేళ్లకు పెరగడం వెనక ఎవరూ పెద్దగా మాట్లాడని మార్పు ఒకటుంది. 304ఏ సమన్ల కేసు. విచారణ మొదలైతే చివరిదాకా సాగాల్సిందే. 106(1) వారెంటు కేసు అయింది. అంటే చార్జిషీటులో పసలేదని ఆరోపణలు మోపకముందే విడుదల పిటిషన్ వేసుకునే వీలు డ్రైవరుకు కొత్తగా వచ్చింది. మరోవైపు, మూడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు ఉండే కాలపరిమితి రక్షణ పోయింది. పాత 304ఏ కేసులో మూడేళ్లు గడిచాక పోలీసులు చార్జిషీటు వేయడం కష్టమయ్యేది. ఇప్పుడు గుద్దిన బండి ఏళ్ల తర్వాత దొరికినా కేసు బతికే ఉంటుంది. పారిపోయి కాలం గడిపితే చాలనుకునేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మంచిది.

అరెస్టు దగ్గరా డ్రైవరుకు హక్కులున్నాయి. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో ఎడాపెడా అరెస్టులు వద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ తీర్పులో చెప్పింది. ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద ముందు నోటీసు ఇస్తారు. పిలిచినప్పుడు వస్తున్నంత కాలం అరెస్టు అక్కర్లేదు. ఇక్కడా అదే కథ. ఈ నోటీసు ఇంట్లో దొరికేవాడికే దక్కుతుంది, పరారైనవాడికి వారెంటు వస్తుంది.

ఇక డిఫెన్సు. తప్పించుకునే ఉపాయాలు చెప్పడం నా పని కాదు. కానీ తప్పు లేనివాడు శిక్ష అనుభవించకుండా చూసుకోవడం అతని హక్కు, కోర్టు కూడా కోరుకునేది అదే. ఈ విషయంలో మన నేల నుంచి వెళ్లిన కేసు ఒకటి దేశమంతటికీ దారి చూపింది. ఒక ఆర్టీసీ బస్సు ఎక్కుతున్న ప్రయాణికురాలు, బస్సు కదలగానే జారిపడి చక్రం కింద నలిగి చనిపోయింది. కింది కోర్టులు డ్రైవరుకు శిక్ష వేశాయి, హైకోర్టు దాన్ని నిలబెట్టింది. అదే మహమ్మద్ ఐనుద్దీన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు. 2000లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. పడిపోవడం ప్రమాదం కావచ్చు, ప్రయాణికురాలి పొరపాటు కావచ్చు, డ్రైవరు నిర్లక్ష్యమూ కావచ్చు. సిగ్నల్ రాకముందే కదిలించాడనో, ఆమె ఎక్కుతున్నట్టు తెలిసీ లాగించాడనో సాక్ష్యం ఉండాలి. చావు జరిగింది కాబట్టి నిర్లక్ష్యం ఉండే ఉంటుందని అనుకోవడం కుదరదు. 1998లో కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ సతీశ్ కేసులోనూ ఇలాంటి మాటే. 'హై స్పీడు'లో వచ్చిందని సాక్షి అన్నంత మాత్రాన అది నిర్లక్ష్యానికి రుజువు కాదు. ఎంత వేగం, ఏ రోడ్డు మీద, ఎవరు ఎటు వస్తుండగా అన్నది తేలాలి.

అందుకే స్థల పంచనామా, రఫ్ స్కెచ్, టైర్ల గుర్తులు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) రిపోర్టు మీదే ఈ కేసులు నిలబడతాయి, కూలుతాయి. బండి రోడ్డుకు ఏ పక్కన ఆగింది, అద్దం పెంకులు ఎక్కడ పడ్డాయి, బ్రేకు పని చేస్తోందా. బ్రేకు ఫెయిలైందని చెప్పే డ్రైవరు బండిని తనిఖీకి ఇచ్చి ఉండాలి. ఆ సంగతి తనకు మాత్రమే తెలిసినది కాబట్టి చూపించాల్సిన భారం తన మీదే పడుతుంది. మరమ్మతు చేయించి, పెయింటు కొట్టించిన బండితో ఆ మాట ఎవరు నమ్ముతారు? పైగా ఆ పెయింటే సంహిత 238వ సెక్షన్ కింద సాక్ష్యం మాయం చేశాడన్న మరో కేసును మెడకు తగిలిస్తుంది. చూస్తున్నారుగా, పారిపోవడం ఎక్కడెక్కడ డిఫెన్సును తినేస్తుందో.

ఈ కేసుల్లో అన్నిటికంటే బలమైన వాదన గుర్తింపుదే. నడిపింది నేనేనని రుజువు చేయండి అని. చీకట్లో లారీ వెనక భాగం చూసిన సాక్షి డ్రైవరు ముఖం ఎలా చెప్పగలడు? సల్మాన్ ఖాన్ 2002 నాటి బాంద్రా కేసులో 2015 మేలో సెషన్స్ కోర్టు 5 ఏళ్ల శిక్ష వేస్తే, అదే ఏడు డిసెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. నడిపింది ఆయనేనన్నది సందేహానికి తావు లేకుండా తేలలేదని చెప్పింది. ఈ వాదన చట్టబద్ధమే. కానీ దీనికి ఒక వికృత నీడ ఉంది. ఓనరు కొడుకో, బంధువో నడిపితే జీతానికున్న డ్రైవరును తెచ్చి ఠాణాలో నిలబెట్టడం. 'నువ్వు ఒప్పుకో, బెయిలు నేను సూసుకుంట' అన్న మాటకు తలూపినవాళ్లు మన మధ్య ఉన్నారు. 2023 డిసెంబరులో హైదరాబాద్ ప్రజాభవన్ ముందు బారికేడ్లను గుద్దిన కారు కేసులో, నడిపిన మాజీ ఎమ్మెల్యే కొడుకు బదులు వేరొకరిని చూపారన్న ఆరోపణ మీద పంజాగుట్ట ఇన్‌స్పెక్టరే సస్పెండ్ అయ్యారు. పేదవాడా, నీకు చెప్పాల్సింది ఒకటే. నువ్వు మోసే ఆ కేసు నీ లైసెన్సును, నీ బతుకును పట్టుకుపోతుంది. రేపు సీసీ కెమెరా వేరే ముఖం చూపిస్తే అబద్ధపు సాక్ష్యం, కుట్ర కూడా నీ ఖాతాలోనే చేరతాయి.

కెమెరాల మాట వచ్చింది కాబట్టి, ఫుటేజీ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఉండాలి. ఇది ప్రాసిక్యూషన్‌కూ, డ్రైవరుకూ సమానమే. ఎదుటివాడే రాంగ్ రూటులో వచ్చాడని చూపే బంకు కెమెరా దృశ్యం డ్రైవరుకు ప్రాణం పోసే సాక్ష్యం. అవి కొద్ది రోజులకే చెరిగిపోతాయి. భద్రపరచమని రాతపూర్వకంగా అడిగేవాడు ముందే కనబడినవాడై ఉండాలి కదా.

పరారీనే నేరానికి రుజువా? కాదు. నిర్దోషి కూడా భయంతో పారిపోవచ్చని, ఒక్క పరారీ మీద దోషి అనలేమని సుప్రీంకోర్టు 1971లోనే మాత్రు కేసులో చెప్పింది. కాబట్టి పారిపోయినవాడి కేసు కూడా పూర్తిగా మునిగినట్టు కాదు. కాని మిగతా సాక్ష్యాల పక్కన చేరినప్పుడు పరారీ కూడా ఒక రాయి అవుతుంది. శిక్ష ఖరారు చేసే రోజున అది మరీ బరువెక్కుతుంది. నిర్లక్ష్యపు డ్రైవింగుతో ప్రాణాలు తీసినవారిని ప్రొబేషన్ మీద వదలొద్దని 2000లో దల్బీర్ సింగ్ తీర్పు చెప్పింది. 2015లో సౌరభ్ బక్షీ కేసులో 24 రోజుల జైలుతో సరిపెట్టిన హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు మార్చి 6 నెలలు చేసింది. ఈ ధోరణిలో కోర్టు కాస్త మెత్తబడే చోటు ఏదైనా ఉందంటే, గాయపడినవాడిని తన బండిలోనే ఆసుపత్రికి తెచ్చిన డ్రైవరు దగ్గరే.

సెటిల్‌మెంటు గురించి ఒక మాట. పెద్దమనుషులు కూర్చుని లక్షో రెండు లక్షలో ఇప్పించి, కేసు లేకుండా చేస్తామంటారు. గాయాల కేసు 125 అయితే కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది. మరణం కేసు 106లో రాజీకి చట్టం తావివ్వలేదు. ఎంత డబ్బు చేతులు మారినా చార్జిషీటు ఆగదు, ఆపినవాడు తప్పు చేసినట్టే. ఆ రాజీ కాగితం మీద వేలిముద్ర వేసిన, పోయినవాడి భార్యకు తెలియాల్సింది, దానివల్ల పరిహారం కోసం మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పోయే తన హక్కు పోలేదని.

మన ప్రాంతానికే సొంతమైన చిక్కు ఒకటుంది. ఓపెన్ కాస్ట్ గని లోపల డంపరు కింద పడి ఎవరైనా చనిపోతే 1952 నాటి గనుల చట్టం కాలం నుంచీ గనుల భద్రతా డైరెక్టరేట్‌కు సమాచారం వెళ్లాలి, అధికారులు వచ్చి విచారించాలి. లోపల గుద్ది పారిపోవడం సాధ్యం కాదు, ప్రతి బండీ ఏ షిఫ్టులో ఎవరి చేతిలో ఉందో పుస్తకంలో ఉంటుంది. అదే బొగ్గు గేటు దాటి రోడ్డెక్కాక ఆ పుస్తకం ఆగిపోతుంది. డంపర్లు మోటారు వాహనాలేనని 1992లో సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రజలు స్వేచ్ఛగా తిరగని ఆవరణ బహిరంగ స్థలం కాదు కాబట్టి విశాఖ ఉక్కు కర్మాగారం లోపలే తిరిగే వాహనాలకు మోటారు పన్ను పడదని 2025 ఆగస్టులో అదే కోర్టు చెప్పింది. పన్ను సంగతి ఎలా ఉన్నా, 106కు గేటుతో పని లేదు. 281 బహిరంగ మార్గం అని అడుగుతుంది గాని, నిర్లక్ష్యంతో మరణం అన్న నేరం గని లోపలా వర్తిస్తుంది. బయటి టిప్పర్లకు కూడా ట్రిప్పు షీటు ఉంటుంది, తూకం రశీదు మీద టైము ఉంటుంది. 'గుర్తుతెలియని' అని ఎఫ్ఐఆర్‌లో రాసే ముందు ఆ రాత్రి ఆ దారిలో పోయిన లోడ్ల జాబితాను గని వేబ్రిడ్జి దగ్గర అడిగితే చాలా బండ్లకు గుర్తు దొరుకుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దొరకనప్పుడు ఏమిటి? మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం మరణిస్తే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 రూపాయలు ఇస్తారు. అంతకుముందు అవి 25,000, 12,500 మాత్రమే. 2022లో దేశంలో 67,387 ప్రమాదాల్లో గుద్దినవాడు ఆగకుండా పోయాడు, 30,486 మంది చనిపోయారు. 2022-23లో ఈ పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కరించినవి 95. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. డబ్బు లేక కాదు, ఇలాంటిదొకటి ఉందని చెప్పేవాడు లేక. బాధితుల కుటుంబాల గోడు మన న్యాయశాస్త్రానికి పట్టదని జస్టిస్ కృష్ణయ్యర్ 1979లో రత్తన్ సింగ్ అనే లారీ డ్రైవరు కేసులో బాధపడ్డారు. అర్ధ శతాబ్దం కావొస్తోంది.

2024 జనవరి 12న ఎస్. రాజశీకరన్ కేసులో సుప్రీంకోర్టు ఈ లోపం మీదే వేలు పెట్టింది. బండి ఆచూకీ నెలలోపు తెలియకపోతే దర్యాప్తు అధికారే కుటుంబానికి రాతపూర్వకంగా ఈ పథకం గురించి చెప్పాలి, క్లెయిమ్ విచారణ అధికారి వివరాలు ఇవ్వాలి. ప్రమాద వివరాలను ఠాణా నుంచే ఆ అధికారికి పంపాలి. పరిహారం మొత్తాన్ని క్రమంగా పెంచే సంగతి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. రెండు లక్షలంటే ఒక కార్మికుడి ఇంటికి ఏపాటి అన్నది వేరే మాట, కాని అది కూడా అందకపోవడం ఇంకో మాట.

షిఫ్టుకు పోతూ చనిపోయినవాడి ఇంటికి మరో దారి ఉంది. 2025 జూలైలో మహారాష్ట్రలో ఒక చక్కెర మిల్లు రాత్రి కాపలాదారు కేసులో, ఇంటి నుంచి డ్యూటీకి పోయే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనికి ముడిపడి ఉందని తేలితే ఉద్యోగుల పరిహార చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. గుద్దిన బండి దొరకకపోయినా ఇక్కడ యజమాని ఉంటాడు కదా. కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలకు ఇది చాలా పెద్ద విషయం. ఒకే మరణానికి రెండు చట్టాల కింద రెండుసార్లు పరిహారం రాదు కాబట్టి ఏది మేలో ముందే న్యాయవాదితో చూసుకోవాలి.

బండి దొరికితే ట్రిబ్యునల్‌లో లెక్క వేరు. అక్కడ సందేహానికి అతీతమైన రుజువు అక్కర్లేదు, ఎక్కువగా అలాగే జరిగి ఉంటుందన్నది చాలు. క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా బయటపడ్డా పరిహారం ఆగనక్కర్లేదు. 2022 నుంచి పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలన్న నిబంధనలున్నాయి. క్లెయిమ్ వేయడానికి 6 నెలల గడువు పెట్టారు, దాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. గడువును నమ్ముకోకుండా ముందే వేయడం మంచిది. ఆసుపత్రి ఖర్చుకు 2025 మేలో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఉంది, ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా. గాయపడినవాడిని తెచ్చి పడుకోబెట్టిన దారిన పోయే మనిషిని కేసులో ఇరికించరాదని 134ఏ సెక్షన్ హామీ ఇస్తుంది. అతను పేరు చెప్పకపోయినా ఆసుపత్రి చేర్చుకోవాలి.

మంచిర్యాల, బెల్లంపల్లి రెండూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలు. బండి దొరకని కేసులో 161 కింద దరఖాస్తు అక్కడి రెవెన్యూ అధికారికి చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు లేదా గాయాల సర్టిఫికెట్, వారసుల గుర్తింపు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు జత చేయాలి. ఆ అధికారి నెలలోపు నివేదిక కలెక్టరుకు పంపాలి, కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి, మరో 15 రోజుల్లో డబ్బు ఖాతాలో పడాలి. లాయరు ఫీజు కట్టలేనివారికి జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోను నెంబరు 15100. కేసులో ఇరుక్కున్న పేద డ్రైవరుకు కూడా అదే నెంబరు.